ఆగస్టు పదిహేనున లేచిన మిషను

జిల్లా జైలు, శ్రీకాకుళం
21 ఆగస్టు 2011

కన్యక్కకు స్టాన్లీ వందనాలు.

జైలు ముద్ర చూసి భయపడకు. ఇక్కడి నుంచి వెళ్ళే ప్రతి కాగితాన్నీ, వచ్చే ప్రతి కాగితాన్నీ ముందు జైలరు గారు చదువుతారు. అందుచేత నీ గురించి గానీ, మీ మావయ్య సూర్యారావు గారి గురించి గానీ ఇందులో చెడు ఏమీ రాయను. నాకు కావలసింది మీ కొట్లో నేను బిగించిన మన కంప్యూటర్ మిషను సంగతి.

మీ ఖద్దరు కొట్టు గిడ్డంగిలోంచి నలభై సన్న పంచెలు పోయాయి. ఆగస్టు ఎనిమిదిన ఉన్నాయి, పదో తారీఖు పొద్దున లేవు. గిడ్డంగి తాళం ఎవరు తీసుకున్నా కంప్యూటర్లో పేరు కొట్టాలి, తారీఖు అదే వేసుకుంటుంది అని పద్ధతి పెట్టింది నేనే. ఆ జాబితాలో ఎనిమిది నుంచి పది దాకా ఉన్నంత మేరకే పోలీసులు కాగితం మీద తీయించారు. తొమ్మిదిన తాళం తీసుకున్నది స్టాన్లీ అని అందులో ఉంది. నేను మీ కొట్టుకు ఆఖరుసారి వచ్చింది జూలై ఇరవై తొమ్మిదిన, గిడ్డంగిలోకి వైరు లాగడానికి. ఆ రోజు తాళం తీసుకున్నాను, పేరు కొట్టాను, నువ్వూ చూశావు. ఆగస్టు తొమ్మిదిన విజయనగరంలో పాత సామాన్ల కొట్ల వెంట ఒంటరిగా తిరుగుతున్నాను. అది చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. "మనిషి అబద్ధం ఆడతాడు గానీ కంప్యూటర్ ఆడదు కదరా" అన్నాడు ఎస్సై. నేనూ పదిమందికి అదే మాట చెప్పి వాళ్ళ కంప్యూటర్లను నడిపే లినక్స్ పెట్టినవాణ్ణి.

కాగితం తీశాక ఎవరో ప్లగ్గు లాగేశారనీ, అప్పటి నుంచి మిషను లేవడం లేదనీ మా అమ్మ చెప్పింది. అక్కా, దాన్ని ఎలాగైనా లేపాలి. తాళాల జాబితా కాక లోపల ఇంకో చిట్టా ఉంటుంది. ఏ క్షణంలో ఏం జరిగిందో మిషను తనకు తాను రాసుకునేది. నా పేరు అసలు ఎప్పుడు కొట్టారో అందులో దొరుకుతుంది. నన్ను బయటకు తేగలిగింది అదొక్కటే.

ముందు తేలిక పనులు చెయ్యి. వెనక ఉన్న వైర్లన్నీ తీసి మళ్ళీ గట్టిగా బిగించు. డబ్బా పక్క రేకు విప్పి, మెమరీ కార్డు తీసి, దాని పసుపు పళ్ళను పెన్సిలు రబ్బరుతో తుడిచి పెట్టు. తర్వాత ఏమైందో రాయి.

నీ తమ్ముడు
స్టాన్లీ


పొందూరు
28 ఆగస్టు 2011

తమ్ముడు స్టాన్లీకి కన్యక్క రాయునది.

నీ ఉత్తరం అందింది. ఆరోగ్యం జాగ్రత్త. అన్నం సరిగా పెడుతున్నారో లేదో అని ఇక్కడ నాకు ముద్ద దిగడం లేదు.

నువ్వు చెప్పినవన్నీ చేశాను. వైర్లు బిగించాను, కార్డు తుడిచాను. మీట నొక్కితే ఫ్యాను తిరుగుతోంది, కీబోర్డు మీద పచ్చ దీపం వెలుగుతోంది. కానీ తెర మీద ఏమీ లేదు, నల్లగా ఉంది. మిషను పూర్తిగా పోయిందేమో అనిపిస్తోంది. పోయినదాని మీద ఆశ పెట్టుకుని నువ్వు నిద్ర మానుకోకు. మంచి లాయరును చూసుకోవడమే మేలు.

మావయ్యకు ఒంట్లో బాగాలేదు. శ్రావణం పెళ్ళిళ్ళ సరుకు పోయిన దిగులు. కొట్లో ఎవరితోనూ మాట్లాడటం లేదు. మొన్న మీ అమ్మ మా వీధిలోంచి వెళుతూ కొట్టు వైపు తల తిప్పలేదు. పిలుద్దామని గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను.

కన్యక్క


జిల్లా జైలు, శ్రీకాకుళం
4 సెప్టెంబరు 2011

కన్యక్కకు,

లాయరు జగన్నాధం గారిని అమ్మ కుదిర్చింది. ఆయన కూడా మిషను సంగతే అడుగుతున్నారు.

పచ్చ దీపం వెలుగుతోందన్నావు. ఆ దీపం పక్కనున్న నమ్‌లాక్ మీట నొక్కి చూడు. నొక్కినప్పుడల్లా దీపం ఆరి మళ్ళీ వెలిగితే మిషనుకు ప్రాణం ఉన్నట్టే. ప్రాణమున్న లినక్సు నోరు మూసుకుని కూర్చోదు అక్కా, తన బాధ ఏదో తెర మీద రాసే తీరుతుంది. మానిటరు వైరు చూడు. వేరే మానిటరు తెచ్చి తగిలించి చూడు. ఇంగ్లీషులో ఏమున్నా సరే, అర్థం కాకపోయినా సరే, ఉన్నది ఉన్నట్టు రాసి పంపు.

ఇక్కడ నా పక్కన గంగులు అని ఒక పెద్దాయన పడుకుంటాడు. పొలం గట్టు తగాదాలో వచ్చాడు. కంప్యూటర్ని జన్మలో చూడలేదు. పొద్దున లేవగానే "మీ మిసను లేసిందేటి?" అని అడుగుతాడు. లేవలేదంటే నాకంటే ఎక్కువ బాధపడతాడు. లోపలికి వచ్చాక నేను మొదటిసారి నవ్వింది అతని వల్లే.

ఇవాళ నెల మొదటి ఆదివారం. మా సంఘంలో ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే రోజు. నా మీద నింద తొలగేదాకా బల్లలో నాకు పాలు లేదని పెద్దలు తీర్మానించారట. వాళ్ళను తప్పు పట్టను, మా బాప్టిస్టు సంఘాల్లో అది ఉన్న కట్టుబాటే. కానీ అమ్మ కూడా ఇవాళ రొట్టె ముట్టకుండా వెనక బెంచీలో కూర్చుంటానందని విన్నాను. ఆవిడ పేరు ఎవరూ తీసేయలేదు. తానే తీసేసుకుంది. చేయని తప్పుకు నేనొక్కణ్ణి లోపలుంటే ఓర్చుకోగలను, ఇది మాత్రం ఓర్చుకోలేకపోతున్నాను.

స్టాన్లీ


పొందూరు
11 సెప్టెంబరు 2011

తమ్ముడు స్టాన్లీకి,

మానిటరు వైరు వదులుగా ఉందట. బిగిస్తే అక్షరాలు వచ్చాయి. తెల్లటి అక్షరాలు, చాలా వరసలు. ముఖ్యమైన వరస ఇది: లాస్ట్ మౌంట్ టైమ్ ఈజ్ ఇన్ ద ఫ్యూచర్. దాని కింద, డిస్కు చెక్ చేతితో నడపమని ఉంది. ఆఖర్న రూట్ పాస్‌వర్డు అడిగి ఆగిపోతోంది. ఎన్నిసార్లు ఆపి లేపినా అక్కడికే వచ్చి నిలబడుతోంది.

మీ అమ్మ అప్పలమ్మ గారి సంగతి చదివి చాలాసేపు ఏ పనీ చేయలేకపోయాను.

కన్యక్క


జిల్లా జైలు, శ్రీకాకుళం
16 సెప్టెంబరు 2011

కన్యక్కకు,

నీ ఉత్తరం చదివి గంగులుకు చెప్పాను, మిషనుకు నోరొచ్చిందని. ఇద్దరం ఆ పూట కడుపునిండా తిన్నాం.

ఇది పెద్ద జబ్బు కాదు. మిషను లోపల రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఒకటి ఉంటుంది. ప్లగ్గు తీసేసినా గడియారం నడవడానికి అది. మనది పాత మిషను కదా, ఆ బ్యాటరీ చావుకొచ్చి ఉంటుంది, కొన్ని గంటలకు మించి ఓపదు. ప్లగ్గు తీసి రోజుల తరబడి ఉంచేస్తే మిషను తారీఖు మరిచిపోయి ఎప్పటిదో పుట్టిన రోజుకు వెళ్ళిపోతుంది. తర్వాత లేచి డిస్కును చూసుకుంటుంది. ఇంతకు ముందు ఫలానా రోజున లేచాను అని దాని మీద రాసి ఉంటుంది. ఆ రోజు ఇంకా రాలేదు కదా, ఏదో తేడా ఉంది, మనిషిని పిలవండి అని ఆగిపోతుంది. నాకు దాని గుణంలో నచ్చేది ఇదే. తెలియనప్పుడు తెలిసినట్టు నటించదు.

ఒకటి మాత్రం అర్థం కాలేదు. ఆ వరస మధ్యలో రెండు తారీఖులు ఉండాలి. ఆఖరుసారి లేచింది ఎప్పుడు, ఇప్పుడు తాను అనుకుంటున్నది ఎప్పుడు అని. నువ్వు అవి రాయలేదు. నూలు చుట్టిన చిలపల్లో ఒక్క పోగు తగ్గినా పట్టేసే మనిషివి. అవి రాసి పంపు. ఈలోగా ఏ మీటా నొక్కవద్దు, ఎవరినీ ముట్టుకోనివ్వవద్దు.

స్టాన్లీ


పొందూరు
22 సెప్టెంబరు 2011

స్టాన్లీకి,

నువ్వు అడిగినవి రాస్తున్నాను.

ఆఖరుసారి లేచింది: సోమవారం, ఆగస్టు 15, 2011, పది గంటల పన్నెండు నిమిషాలు.

ఇప్పుడు అనుకుంటున్నది: మంగళవారం, జనవరి 1, 2002.

మొదటి రోజు నుంచీ ఇవి తెర మీద ఉన్నాయి. తెర ఎప్పుడూ నల్లగా లేదు. మానిటరు వైరు వదులు కాలేదు. ఇవాళ్టికి ఇంతే రాస్తున్నాను.

కన్యాకుమారి


జిల్లా జైలు, శ్రీకాకుళం
26 సెప్టెంబరు 2011

కన్యాకుమారి గారికి,

పోలీసులు కాగితం తీశాక ప్లగ్గు లాగేసింది ఆగస్టు పదినే. పదిహేనున జెండా వందనం చేయించి మాకు ఇక్కడ తలా ఒక లడ్డూ పెట్టారు. ప్లగ్గు లేని మిషను ఆ రోజు మీ కొట్లో ఎలా లేచింది?

లేవలేదు. అది ఆఖరుసారి లేచినప్పుడు దాని గడియారం ముందుకు జరిపి ఉంది. ఎన్ని రోజులు జరిపారో లెక్క కట్టడానికి నాకు ఒక రోజు పట్టింది. నేను తాళం తీసుకున్నది జూలై ఇరవై తొమ్మిదిన. కాగితం మీద పడింది ఆగస్టు తొమ్మిదిన. పదకొండు రోజులు. ఆగస్టు పదిహేను నుంచి పదకొండు తీసేస్తే ఆగస్టు నాలుగు. ఆ రోజు ఇన్వర్టరు కూడా చచ్చేంతసేపు కరెంటు పోయి, మళ్ళీ వచ్చాక పది గంటలకు మీరు మిషను వేసి ఉంటారు. ఆ తర్వాత తారీఖును వెనక్కి తెచ్చి సరిచేసి ఉంటారు. అందుకే నా పేరు మిగతా పేర్ల మధ్య చక్కగా ఇమిడిపోయింది, ఎవరికీ అనుమానం రాలేదు.

తారీఖు మార్చడం ఆ కొట్లో నేను నేర్పింది ఒక్క మనిషికే.

ఎందుకు మార్చారో నాకు తెలియదు. దొంగతనం కోసం కాదని నమ్ముతున్నాను. కానీ పోలీసులు మిమ్మల్ని అడిగినప్పుడు, తొమ్మిదిన స్టాన్లీ వచ్చాడో లేదో గుర్తు లేదన్నారట. అది మాత్రం ఎలా నమ్మాలో తెలియడం లేదు.

సోమవారం, అక్టోబరు మూడున, జగన్నాధం గారు పోలీసులను వెంటబెట్టుకుని మీ కొట్టుకు వస్తారు. ఆ తెరను వాళ్ళు కళ్ళతో చూస్తే చాలు. ఈ వారం రోజులూ దాన్ని ఉన్నది ఉన్నట్టు ఉంచండి. ఇదొక్కటే అడుగుతున్నాను.

స్టాన్లీ


పొందూరు
1 అక్టోబరు 2011

స్టాన్లీకి,

ఈ ఉత్తరాన్ని జైలరు గారు చదువుతారని తెలిసే రాస్తున్నాను. ఆయన కూడా చదవాలి.

నువ్వు మిషను బిగించింది జూలై ఇరవై అయిదున. మధ్యాహ్నం నువ్వు వెళ్ళాక మావయ్య వచ్చి చూసి సంతోషించారు. అంతలో పంచాంగం గుర్తొచ్చింది. ఇంకా ఆషాఢం. కొత్త పని ఏదీ మొదలుపెట్టరు, మావయ్యకైతే కొత్త చీపురు కొనడానికి కూడా చెయ్యి రాదు. ఆగుదామంటే శ్రావణం పెళ్ళిళ్ళ సరుకు ఆ వారమే దిగుతోంది, అంతా అందులో ఎక్కించాలి. కాసేపు అటూ ఇటూ తిరిగి, "మిసనుకి సెప్పే, ఈయేళ శ్రావణ సుక్కురారం అని. మనం సెప్పినదే కదా దానికి తెలుస్తాది" అన్నారు. నాకు నవ్వొచ్చింది. నువ్వు నేర్పినట్టు తారీఖు మార్చి ఆగస్టు అయిదు చేశాను. మావయ్య డబ్బాకు బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, దీపం వెలిగించారు. మొదటి పేరు నా చేత కొట్టించారు. నిజమైన శ్రావణ శుక్రవారం వచ్చిన రోజున తారీఖు సరిచేసేశాను. నువ్వు లెక్క కట్టిన నాలుగో తారీఖు కరెంటు సంగతి కూడా నిజమే.

పోలీసులు కాగితం తీసినప్పుడు నీ పేరు చూడగానే నాకు అర్థమైంది. మావయ్య వైపు చూశాను. ఆయనకూ అర్థమైంది. పోలీసులు గిడ్డంగిలోకి వెళ్ళగానే మావయ్య నా చెయ్యి పట్టుకున్నారు. "దేవుడికి దొంగ తారీకు సెప్పి దీపం ఎట్టామంటే బజారులో తలెత్తుకోగలమా? సరుకు పోయింది కూడా అందుకే అంతారు. ఆ కుర్రోడు ఎలాగూ వచ్చేస్తాడు, నీకేటీ గుర్తు లేదని సెప్పు" అన్నారు. ఎనిమిదేళ్ళప్పుడు మా అమ్మా నాన్నా పోతే నన్ను తెచ్చి పెంచిన మనిషి. అంతకు ముందు ఎప్పుడూ నన్ను ఏదీ అడగలేదు. గుర్తు లేదన్నాను.

నువ్వు రెండు రోజుల్లో వచ్చేస్తావనే అనుకున్నాను. వారం అయ్యాక చెబితే, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటారని భయం. నెల అయ్యాక ఇంకా భయం. తెర నల్లగా ఉందని రాసిన రోజున, ఆ అక్షరాల ముందు కూర్చునే రాశాను.

ఇక అసలు సంగతి. నీ ఉత్తరం నిన్న పొద్దున అందింది. చదివి చేతిసంచిలో పెట్టుకున్నాను. గంటలో మావయ్య విజయనగరం నుంచి ప్రమోద్ అనే మెకానిక్‌ను తీసుకొచ్చారు, దసరాలోగా మిషను నడవాలని. అతను తెర చూసి, ఇదంతా తుడిచేసి కొత్తది వేస్తే గంట పని అన్నాడు. పాతదంతా పోతుంది, పర్వాలేదా అని నన్నే అడిగాడు. సంచి నా ఒళ్ళో ఉంది. మావయ్య "పాతదేటీ వొద్దు బాబూ" అన్నారు. నేను నోరు తెరవలేదు. అతను తుడిచేశాడు. ఇప్పుడు మిషను చక్కగా లేస్తోంది. దానికి నువ్వెవరో తెలియదు.

తమ్ముడూ అనే అర్హత లేదు గనుక అనడం లేదు. జగన్నాధం గారికి ఇవాళే ఫోను చేసి అంతా చెప్పాను. ఆ రెండు తారీఖులు రాసిన నా ఉత్తరం నీ దగ్గర ఉంది కదా, జైలు ముద్ర కూడా ఉంది కదా అని అడిగాను. మీరు నిలబడి అవును అనకపోతే అది ఉత్త కాగితమేనమ్మా అన్నారు. నిలబడతానన్నాను. దసరా సెలవుల తర్వాత పన్నెండో తారీఖున మేజిస్ట్రేటు గారి ముందు వాంగ్మూలం.

కన్యాకుమారి


పొందూరు
13 అక్టోబరు 2011

స్టాన్లీకి,

నిన్న చెప్పేశాను. జగన్నాధం గారు నీకు ఈపాటికి కబురు చేసి ఉంటారు. అయినా నా చేత్తో రాయాలనిపించింది.

ముందు రోజే మావయ్యకు చెప్పాను, కోర్టుకు వెళుతున్నానని. తిన్నింటి వాసాలు లెక్కపెడతావా అని మాత్రం అడిగారు. అడగవలసిన మాటే. ఆ ఇంట్లో తిన్నది నిజమే. తెల్లారి చూస్తే మంచం మీద లేరు. బస్టాండుకు వెళ్ళేసరికి ఉతికిన పంచె కట్టుకుని అక్కడ నిలబడి ఉన్నారు. నేను ఎక్కిన బస్సే ఎక్కి, ముందు సీట్లో కూర్చున్నారు. శ్రీకాకుళం దాకా వెనక్కి తిరగలేదు.

లోపల మేజిస్ట్రేటు గారు మెల్లగానే అడిగారు. నేను చెప్పినదానికి మిషనులో రుజువు ఉందా అన్నారు. తుడిచేశారండీ, నేను చూస్తుండగానే తుడిచేశారు, ఇక నేనే ఉన్నాను అన్నాను. పోలీసులకు మొదట ఎందుకు చెప్పలేదన్నారు. భయమండీ అన్నాను. దేనికి భయం అంటే, మా ఇంటి పరువుకు అన్నాను. పైకి అన్నాక ఆ మాట ఎంత చిన్నదో నాకే వినిపించింది.

నేను బయటకు వస్తుంటే మావయ్య నన్ను దాటుకుని లోపలికి వెళ్ళారు. బంట్రోతు ఆపబోయాడు. మావయ్య గుమ్మంలోనే చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"తారీకు మార్చమన్నది నాను బాబూ. గుర్తు లేదని సెప్పమన్నదీ నానే. ఆ పిల్ల నా మాట కాదనలేదు. రాసుకోండి."

జగన్నాధం గారు పరుగెత్తుకెళ్ళి ఆయన మాట కూడా రాయించే ఏర్పాటు చేశారు. బెయిలు రేపో ఎల్లుండో వస్తుందనీ, ఇక చార్జిషీటులో నీ పేరు నిలవదనీ అన్నారు. దొంగ ఎవరో ఇంకా తెలియదు.

సాయంత్రం ఇంటికొచ్చాక మావయ్య కొట్టు తాళాలు అడిగి తీసుకున్నారు. నాతో మాట్లాడటం లేదు. రేపటి నుంచి మా ఊళ్ళో నూలు వడికే గున్నమ్మ గారి దగ్గరకు పనికి వెళతాను. దీనికి నేను ఏడవడం లేదు. నీ విషయానికే ఏడుపొస్తోంది. నన్ను క్షమించమని అడగడానికి ఈ ఉత్తరంలో మూడుసార్లు మొదలుపెట్టి కొట్టేశాను.

కన్యాకుమారి


ఎచ్చెర్ల
21 అక్టోబరు 2011

కన్యక్కకు,

పధ్నాలుగున వదిలారు. అరవై మూడు రోజులు. వచ్చేటప్పుడు గంగులు గేటు దాకా రానివ్వరని తెలిసి కటకటాల దగ్గరే నిలబడి చెయ్యి ఊపాడు. అతని కేసు ఎప్పటికి తేలుతుందో.

మొన్న ఆదివారం సంఘంలో పాస్టరు బెన్హర్ గారు అందరి ముందు నా చెయ్యి పట్టుకుని నింద తొలగిందని చెప్పారు. మా అమ్మ ముందు బెంచీకి వచ్చి కూర్చుంది. బయటకొచ్చాక అందరూ ఒకటే ప్రశ్న, ఎలా బయటపడ్డావని. పొందూరులో కన్యాకుమారి అని ఒకావిడ ఉంది, ఇల్లూ పనీ పోతాయని తెలిసి కూడా కోర్టులో నిజం చెప్పింది అన్నాను. మీ మావయ్య గారి మాట కూడా చెప్పాను. ఆ వయసులో గుమ్మంలో నిలబడి అంత మాట అనడం తేలిక కాదు. రెండూ నిజాలే గనుక చెప్పాను.

నీకు ఫోను చేయొచ్చు. నంబరు నోటికొచ్చు, రెండుసార్లు నొక్కి ఆపేశాను. నీ గొంతు వింటే 'పర్వాలేదక్కా' అనేస్తానని భయం. మా వాక్యం ప్రకారం నేను అలాగే అనాలి. అంటాను కూడా, ఏదో ఒక రోజున. కానీ పర్వాలేదు అన్నది ఇవాళ్టికి అబద్ధం. ఆ తెర ముందు కూర్చుని నల్లగా ఉందని రాశావే, ఆ పూట మా అమ్మ నన్ను చూడటానికి వచ్చి ఆకలితో జైలు గేటు బయట నిలబడి ఉంది. అది నాకు ఇంకా తగ్గలేదు.

నువ్వు నిజం చెప్పావని ఊరందరికీ చెబుతున్నాను. ఆలస్యంగా చెప్పావన్న మాట నీ ఒక్కదానికే చెబుతున్నాను.

నీ తమ్ముడు
స్టాన్లీ